పెద్దక్షరాలు, చిన్నక్షరాలు: వార్తా శీర్షికలు చెప్పే చరిత్ర

బస్సు దిగి మా బడికి నడిచే దారిలో ఒక పెట్టె అంగడి ఉంది. పొద్దున్నే అంగడాయన దాని ముందు తాడు కట్టి నాలుగైదు పేపర్ల పోస్టర్లు వేలాడదీస్తాడు. తమిళనాడులో ఉండేవాళ్లకు ఇది కొత్త కాదు. ఒక్కో పోస్టరు మీద ఆ రోజు పెద్ద వార్త రెండు మూడు మాటల్లో, అరచేయంత అక్షరాల్లో ఉంటుంది. టీ తాగేవాళ్లు ఆ పోస్టరు చూస్తారు, వాదించుకుంటారు, గ్లాసు పెట్టేసి వెళ్లిపోతారు. పేపరు కొనేవాళ్లు పదిమందిలో ఒకరో ఇద్దరో. మిగతావాళ్లకు వార్త అంటే ఆ పోస్టరే.

ఈ రోజు మన చేతిలోని ఫోను కూడా అలాంటి పెట్టె అంగడే. వేలితో పైకి తోస్తూ పోతే శీర్షికలన్నీ పోస్టర్లలాగా కదిలిపోతాయి. తెరిచి చదివేది కొన్నే. 2023 ఫిబ్రవరిలో మా ఇంట్లోనే దీనివల్ల ఒక చిక్కు వచ్చింది. అప్పుడు మా పిన్ని కొడుకు తొమ్మిదో తరగతి. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వార్త ఫోటో పెట్టారు. అందులో శీర్షిక ఒక్కటే కనిపిస్తోంది: మైనారిటీ భాషల పిల్లలకు తమిళ పరీక్ష నుంచి మినహాయింపు అని. తమిళనాడులో 2006లో తమిళం నేర్చుకునే చట్టం వచ్చినప్పటి నుంచి, మనలాంటి బడుల్లో పదో తరగతి తమిళ పేపరు గురించి ఎంత బెంగ ఉందో అందరికీ తెలుసు. ఇంక చూడండి, గ్రూపు నిండా దండాలు, పువ్వులు, మిఠాయి బొమ్మలు! అన్న తమిళం ట్యూషన్ మానేశాడు. పిన్ని కూడా సరేలే అంది.

నెల రోజుల తర్వాత బడిలో సారు ఆ వార్త మొత్తం చదివి వినిపించారు. సుప్రీంకోర్టు ఇచ్చిన మినహాయింపు ఆ ఏడాది పదో తరగతి పరీక్ష రాసేవాళ్లకు మాత్రమే. తొమ్మిదో తరగతి వాళ్ల సంగతి అందులో లేనే లేదు. శీర్షికలో అబద్ధం ఒక్క అక్షరం లేదు. కానీ ‘ఈ ఏడాదికి’ అనే ఒక్క మాట లేదు. అన్న మళ్లీ ట్యూషన్‌కు వెళ్లి, పోయిన పాఠాల కోసం వేసవి సెలవులన్నీ కూర్చోవాల్సి వచ్చింది.

ఇది ఫోన్ల కాలంలో పుట్టిన జబ్బు అని పెద్దవాళ్లు అంటుంటారు. నిజమేనా అని చరిత్రలో వెతికితే, ఇది నూరేళ్లకు పైబడిన పాత జబ్బే అని తెలిసింది. అప్పటి కథలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

శీర్షికలు ఎప్పుడు పెద్దవయ్యాయి?

మొదట్లో పత్రికలకు ఇంత పెద్ద శీర్షికలు ఉండేవి కావు. లండన్‌లోని ‘ద టైమ్స్’ పత్రిక మొదటి పేజీ నిండా 1966 వరకూ చిన్న చిన్న ప్రకటనలే ఉండేవి. మన మద్రాసులో 1878లో పుట్టిన ‘ద హిందూ’ కూడా 1958 దాకా మొదటి పేజీని ప్రకటనలకే ఇచ్చింది. వార్త కావాలంటే పేజీ తిప్పి వెతుక్కోవాలి. అలాంటి పత్రికను శీర్షిక చూసి వదిలెయ్యడం కుదరదు. చూడడానికి శీర్షికే ముందర ఉండదు కదా!

మార్పు అమెరికాలో ముందు వచ్చింది. 1833లో న్యూయార్క్‌లో ‘సన్’ అనే పత్రిక ఒక్క సెంటు ధరకే మొదలైంది. కూలివాళ్లు కూడా కొనుక్కోగలిగారు. తర్వాత టెలిగ్రాఫ్ వచ్చింది. 1861 నుంచి 1865 వరకు జరిగిన అక్కడి అంతర్యుద్ధంలో కబుర్లు తంతి మీద గంటల్లో చేరేవి. వాటిని దొంతర శీర్షికలుగా, ఒకదాని కింద ఒకటి పేర్చి వేసేవారు.

ఆ పత్రికలను వీధుల్లో అమ్మింది ఎవరో తెలుసా? మన వయసు పిల్లలే. వాళ్లు పత్రికలను ముందే డబ్బిచ్చి కొనాలి. అమ్ముడుపోని కాపీలను కంపెనీ వెనక్కి తీసుకోదు. అందుకే మిగిలిపోతే తిండికి ఉండదని, గొంతు చించుకుని శీర్షికలు అరిచేవారు. 1899 జులైలో న్యూయార్క్‌లో ఆ పిల్లలు సమ్మె చేశారు. రెండు వారాల తర్వాత, మిగిలిన కాపీలను వెనక్కి తీసుకోవడానికి పెద్ద పత్రికలు ఒప్పుకున్నాయి. ఇక్కడ నాకు ఒకటి తోచింది. ఆ వీధుల్లో పత్రిక కొన్నవాళ్లకంటే ఆ కేక విన్నవాళ్లు ఎక్కువమంది ఉంటారు. అంటే శీర్షిక మాత్రమే తెలుసుకుని ఇంటికి వెళ్లిపోయే పాఠకులు అప్పుడే ఉన్నారన్నమాట.

1898: ప్రశ్నార్థకం ఎవరికి వినిపిస్తుంది?

1898 ఫిబ్రవరి 15 రాత్రి క్యూబాలోని హవానా రేవులో ‘మెయిన్’ అనే అమెరికా యుద్ధనౌక పేలిపోయింది. 260 మందికి పైగా నావికులు చనిపోయారు. అప్పుడు క్యూబా స్పెయిన్ చేతిలో ఉంది. పేలుడు ఎందుకు జరిగిందో ఎవరికీ తెలియదు. నౌక కెప్టెన్ సిగ్స్‌బీ తాను పంపిన టెలిగ్రాములోనే, ఇంకా వివరాలు అందేవరకు జనం ఒక అభిప్రాయానికి రాకుండా ఆగాలని కోరాడు. ఓడ పోగొట్టుకున్న మనిషి అన్న మాట అది.

న్యూయార్క్‌లో రెండు పెద్ద పత్రికలు అప్పుడు పోటీలో ఉన్నాయి. ఒకటి హర్‌స్ట్ నడిపే ‘జర్నల్’. రెండోది పులిట్జర్ నడిపే ‘వరల్డ్’. ఫిబ్రవరి 17న ‘జర్నల్’ మొదటి పేజీలో, మెయిన్ నాశనం శత్రువు పనే అని పెద్ద అక్షరాల్లో వేసింది. దోషిని పట్టిస్తే 50,000 డాలర్ల బహుమతి అని ప్రకటించింది. ‘వరల్డ్’ కొంచెం జాగ్రత్తపడింది. పేలుడుకు కారణం బాంబా, టార్పిడోనా అని చివర ప్రశ్నార్థకం పెట్టింది.

కానీ ప్రశ్నార్థకాన్ని వీధిలో ఎలా అరుస్తారు? చదివినవాడి కంటికి అది కనబడుతుంది. విన్నవాడి చెవిలో మాత్రం బాంబు, టార్పిడో అనే రెండు మాటలే మిగులుతాయి. పైగా ఆ ప్రశ్నలోనే ఒక మోసం ఉంది. పేలుడు ఓడ లోపలే పుట్టి ఉండొచ్చు అనే మూడో మాటకు అందులో చోటే లేదు.

మార్చిలో అమెరికా నౌకాదళ విచారణ సంఘం, బయటి నుంచి పెట్టిన మైను వల్ల పేలిందని తేల్చింది. ఎవరు పెట్టారో చెప్పలేదు. ఏప్రిల్‌లో యుద్ధం మొదలైంది. స్పెయిన్ ఓడిపోయింది. ఆ ఏడాది డిసెంబరు ఒప్పందంతో ఫిలిప్పీన్స్ దీవులు అమెరికా చేతికి వెళ్లాయి. మరుసటి ఏడాది అక్కడి జనానికీ అమెరికాకూ ఇంకో యుద్ధం వచ్చింది. 1976లో రికోవర్ అనే అమెరికా అడ్మిరల్ నిపుణులతో పాత పత్రాలన్నీ మళ్లీ పరీక్ష చేయించాడు. ఓడలోని బొగ్గు గదిలో నిప్పు పుట్టి, పక్కనున్న మందుగుండు అంటుకుని ఉండవచ్చని వాళ్లు తేల్చారు. దాన్ని కూడా అందరూ ఒప్పుకోలేదు.

యుద్ధానికి పత్రికలే కారణం అనడం సరికాదు. క్యూబా తిరుగుబాటు, వ్యాపారాలు, రాజకీయాలు, ఇంకా చాలా కారణాలు ఉన్నాయి. కానీ 78 ఏళ్ల తర్వాత కూడా నిపుణులు ‘ఉండవచ్చు’ అని మాత్రమే చెప్పగలిగిన విషయాన్ని, ఒక శీర్షిక రెండు రోజుల్లో తేల్చేసింది. ఆ ‘ఉండవచ్చు’ను 1898లో కేక విన్నవాళ్లలో ఎంతమంది బతికుండి చదివి ఉంటారు? నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఆ నిలకడకు ఒక్కోసారి ఒక జీవితకాలం పడుతుంది.

1912: ‘అందరూ క్షేమం’

టైటానిక్ ఓడ గురించి సినిమా చూసినవాళ్లకు కూడా ఈ సంగతి తెలిసి ఉండదు. 1912 ఏప్రిల్ 14 రాత్రి 11:40కి ఓడ మంచుకొండను గుద్దుకుంది. 15వ తేదీ తెల్లవారుజామున 2:20కి మునిగిపోయింది. ఓడలో సుమారు 2,200 మంది ఉంటే, దాదాపు 1,500 మంది చనిపోయారు. బతికిన 700 మందిని కార్పేథియా అనే ఓడ ఎక్కించుకుంది.

అయితే అదే 15వ తేదీన న్యూయార్క్‌లో ‘ఈవెనింగ్ సన్’ పత్రిక మొదటి పేజీలో వేసిన శీర్షిక ఏమిటంటే, గుద్దుకున్న తర్వాత టైటానిక్ నుంచి అందరినీ కాపాడారు అని! మరుసటి రోజు లండన్‌లో ‘డైలీ మిర్రర్’ కూడా అందరూ క్షేమం అనే వేసింది. ఓడను తాడు కట్టి కెనడాలోని హాలిఫాక్స్ రేవుకు లాక్కొస్తున్నారని కూడా వార్త వచ్చింది. ఆ సమయానికి ఓడ సముద్రం అడుగున ఉంది.

ఇది ఎవరో కావాలని అల్లిన అబద్ధం కాదు. అప్పుడు వైర్‌లెస్ కొత్త. సముద్రంలో చాలా ఓడలు ఒకేసారి కబుర్లు పంపుకునేవి. తర్వాత ఇచ్చిన వివరణ ఇది: ప్రయాణికులందరూ క్షేమమేనా అని ఎవరో అడిగారు. అదే సమయంలో వేరే ఓడను హాలిఫాక్స్‌కు లాక్కెళ్తున్నారని ఇంకో కబురు పోయింది. రెండూ ముక్కలు ముక్కలుగా విన్నవాళ్లు కలిపేసుకున్నారు. క్షేమమేనా అనే ప్రశ్న క్షేమమే అనే జవాబు అయిపోయింది. చూడండి, ఇక్కడ కూడా పోయింది ప్రశ్నార్థకమే.

పైగా ఓడ కంపెనీవాళ్లు కూడా రోజంతా టైటానిక్ మునగదనే చెబుతూ వచ్చారు. సాయంత్రానికి గానీ అసలు సంగతి ఒప్పుకోలేదు. ఎద్దు ఈనిందంటే గాటకు కట్టెయ్యమన్నట్టు, మంచి కబురు అనేసరికి పత్రికలు కూడా ఎదురు ప్రశ్న వెయ్యలేదు.

అదే రోజు ఒక పత్రిక మాత్రం వేరే దారిలో నడిచింది. ‘న్యూయార్క్ టైమ్స్’ మేనేజింగ్ ఎడిటర్ వాన్ ఆండా, ఓడ నుంచి వైర్‌లెస్ కబుర్లు ఆగిపోయాయంటే దాని అర్థం ఏమిటని ఆలోచించాడు. ఆ పత్రిక శీర్షికలోనే ఓడ ముందు వైపు మునుగుతోందనీ, ఆడవాళ్లను పడవల్లోకి దించారనీ, చివరి కబురు 12:27కి అస్పష్టంగా వచ్చిందనీ చెప్పింది. నాకు ఈ చివరి మాట చాలా నచ్చింది. మాకు ఇంతవరకే వినిపించింది, అది కూడా సరిగ్గా వినిపించలేదు అని పెద్దక్షరాల్లో ఒప్పుకోవడం అది. మంచి శీర్షిక అంటే ఏమిటని నన్ను ఎవరైనా అడిగితే దీన్నే చూపిస్తాను.

ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి ఆ ఓడలో పనికి వెళ్లినవాళ్లు 500 మందికి పైగా చనిపోయారు. బొగ్గు వేసేవాళ్లు, వంటవాళ్లు, సర్వర్లు. అందరూ క్షేమం అనే పేపరు చూసి ఆ రాత్రి కాసేపైనా నిద్రపోయిన ఇల్లాళ్లు ఆ ఊళ్లో ఎందరో! తర్వాత వచ్చిన వార్త వాళ్లకు రెండుసార్లు తగిలిన దెబ్బ. లండన్‌లో ఓడ కంపెనీ ఆఫీసు ముందు ఒక పేపరు కుర్రాడు, భారీ ప్రాణనష్టం అనే పోస్టరు పట్టుకుని నిలబడిన ఫోటో ఒకటి ఉంది. ఆ ఫోటో చూసినప్పుడల్లా మా పెట్టె అంగడి గుర్తొస్తుంది.

1938: రేడియో నాటకం, పేపరు నాటకం

1938 అక్టోబరు 30 రాత్రి అమెరికాలో ఆర్సన్ వెల్స్ బృందం సీబీఎస్ రేడియోలో ఒక నాటకం వేసింది. అంగారకుడి నుంచి వచ్చినవాళ్లు న్యూజెర్సీలో దిగి దాడి చేశారని కథ. వార్తల్లాగా నడిపారు. ఇది నాటకమని మొదట్లోనే చెప్పారు. మధ్యలో రేడియో పెట్టినవాళ్లలో కొందరు మాత్రం నిజమనుకుని భయపడ్డారు. ఇక్కడిదాకా వాస్తవం.

మరునాడు పేపర్లలో దేశమంతా హడలిపోయిందని శీర్షికలు వచ్చాయి. కానీ ఆ రాత్రే ఒక సర్వే సంస్థ 5,000 ఇళ్లకు ఫోన్లు చేసి ఏ కార్యక్రమం వింటున్నారని అడిగితే, ఈ నాటకం వింటున్నామన్నవాళ్లు నూటికి 2 మందే. మరి పేపర్లకు ఎందుకంత ఉత్సాహం? అప్పటికే రేడియో వల్ల పేపర్లకు ప్రకటనల ఆదాయం తగ్గుతోంది. రేడియోను నమ్మకూడదు అని చెప్పడానికి దొరికిన మంచి అవకాశం అది.

అంటే నాటకం మొదలు వినకుండా మోసపోయినవాళ్లు కొందరైతే, ఆ శీర్షికలు చదివి మోసపోయినవాళ్లు మనదాకా ఉన్నారు. దేశం మొత్తం రోడ్డు మీదికి పరుగెత్తిందనే మాట ఇప్పటికీ ఎంతోమంది చెబుతుంటారు. నేనూ ఈ వ్యాసం రాసేముందు వరకు అలాగే అనుకున్నాను.

1948: చిన్నక్షరాలు కూడా తప్పే అయితే?

వార్త మొత్తం చదివితే చాలా? చాలదని 1948 చెబుతుంది. ఆ ఏడాది నవంబరులో అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ట్రూమన్, డ్యూయీ పోటీ పడ్డారు. డ్యూయీయే గెలుస్తాడని అందరూ అనుకున్నారు. ‘షికాగో ట్రిబ్యూన్’ ప్రెస్సులో కార్మికుల సమ్మె వల్ల పేపరును మామూలు కంటే ముందే అచ్చుకు పంపాల్సి వచ్చింది. ఓట్ల లెక్క ఇంకా రాలేదు. ఊహ మీదే డ్యూయీ చేతిలో ట్రూమన్ ఓటమి అని వేసేశారు. సుమారు 1,50,000 కాపీలు బయటికి వెళ్లాయి. లెక్క తేలేసరికి ట్రూమన్‌కు 303 ఎలక్టోరల్ ఓట్లు, డ్యూయీకి 189. రెండు రోజుల తర్వాత సెయింట్ లూయిస్ రైల్వే స్టేషన్‌లో ట్రూమన్ నవ్వుతూ ఆ పేపరు ఎత్తి చూపించిన ఫోటో లోకమంతా చూసింది.

ఆ పేపరును అక్షరం వదలకుండా చదివినవాడు కూడా మోసపోయేవాడే. కాబట్టి పెద్ద వార్త అయితే ఇంకో చోట కూడా చూడాలి, ఒక పూట ఆగాలి.

ఇప్పుడు మన వంతు

2016లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్ పరిశోధకులు కలిసి ట్విట్టర్‌లో పంచుకున్న వార్తల లింకులను లెక్కపెట్టారు. నూటికి 59 లింకులను ఎవరూ ఒక్కసారి కూడా తెరవలేదు. అంటే తెరవకుండానే ఇతరులకు పంపుతున్నారు. అప్పటి పేపరు కుర్రాళ్లు ఆకలి కోసం అరిచారు. మనం ఏ ఆకలీ లేకుండానే అరుస్తున్నాం. 2020లో ట్విట్టర్ కంపెనీయే, చదవకుండా పంపేవాళ్లను ముందు ఒకసారి చదువుతారా అని అడిగే ఏర్పాటును పరీక్షించింది.

ఆస్ట్రేలియాలో 2014లో వచ్చిన ఒక పరిశోధన ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. శీర్షిక ఒక వైపు లాగుతుంటే, కింద వార్త మొత్తం సరిగ్గా చదివినవాళ్లకు కూడా తర్వాత శీర్షిక చెప్పిందే ఎక్కువ గుర్తుందట. ముందు పడిన ముద్ర అంత గట్టిది. మొత్తం చదివినవాళ్ల సంగతే ఇలా ఉంటే, శీర్షికతో ఆగిపోయేవాళ్ల గురించి చెప్పేదేముంది?

ఇంకో విషయం. మామూలుగా శీర్షిక పెట్టేది వార్త రాసిన విలేకరి కాదు, ఆఫీసులో కూర్చునే సబ్ ఎడిటర్. ఉన్న చోటులో నాలుగైదు మాటలే పడతాయి. అందుకని ‘ఈ ఏడాదికి’, ‘అని అనుమానం’, ‘కొన్ని జిల్లాల్లో’ లాంటి చిన్న మాటలే ముందు ఎగిరిపోతాయి. మన బతుకు తరచుగా ఆ చిన్న మాటల్లోనే ఉంటుంది.

ఈ కథలన్నిటిలో నాకు ఒకే సంగతి కనిపించింది. తప్పు పెద్దక్షరాల్లో ముందు వచ్చింది. దిద్దుబాటు మాత్రం ఒక రోజుకో, డెబ్బై ఎనిమిదేళ్లకో వచ్చింది. వార్త లోపలికి వెళ్లే అలవాటు ఉన్నవాడికి ఆ దిద్దుబాటు ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది. శీర్షికతో వెళ్లిపోయేవాడికి అది ఎప్పటికీ అందదు. వాడి మనసులో ఆ ఓడ ఇంకా హాలిఫాక్స్ వైపు వస్తూనే ఉంటుంది.

మనలాంటి బడుల పిల్లలకు ఇది మరీ ముఖ్యం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కొందరికి కన్నడం, పైన ఇంగ్లీషు. మన పరీక్షల గురించి, మన బడుల గురించి వార్త ఏ భాషలో వస్తుందో తెలియదు. పెద్దవాళ్లలో చాలామంది తమిళం మాట్లాడతారు గానీ చదవలేరు. మా అవ్వ కూడా అంతే. వాళ్లకు వార్త చదివి చెప్పేది మనమే. మనం పైవరస మాత్రమే చదివి చెబితే, ఇంటిల్లిపాదీ దాన్నే నమ్ముతారు.

మా అన్న ఇప్పుడు ప్లస్ టూ అయిపోయి కాలేజీకి వెళ్తున్నాడు. బంధువుల గ్రూపులో ఎవరు ఏ వార్త ఫోటో పెట్టినా వాడు మూడు ప్రశ్నలు పెడతాడు: “ఎవరికి? ఎప్పటిదాకా? మిగతా ముక్క ఏదీ?” మొదట్లో అందరూ విసుక్కున్నారు. మా మామయ్య అయితే, పెద్ద లాయరయ్యావురా అని ఎగతాళి చేశాడు. ఈ మధ్య మామయ్యే ఏదో వార్త పంపుతూ, కింద “నేను మొత్తం చదివాను” అని రాశాడు. మీ ఇంటి గ్రూపులో కూడా ఆ మూడు ప్రశ్నలు ఒకసారి అడిగి చూడండి.